పుంజు కార్జంలో పచ్చసొన

మార్చి 9, 2006

హ్యాచరీ వాళ్లు చేతులెత్తేశారు. బర్డ్ ఫ్లూ గొడవ సద్దుమణిగేదాకా ఒక్క కోడిపిల్లను కూడా బయటికి పంపేది లేదని ఫోన్‌లోనే చెప్పేశారు. తుర్కపల్లిలో మా ల్యాబ్ పంజరాలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. హార్మోన్ సీసా వచ్చి ఫ్రిజ్‌లో కూర్చుంది. పుంజులే లేవు.

"ఈ ఏడాది ఇక పోయినట్టే శోభారాణీ" అన్నారు మా గైడ్ భాస్కర్ సార్.

"పోదు సార్. పుంజులు మా ఇంట్లోనే ఉన్నాయి" అన్నాను.

కోళ్ల ఫారం వాళ్ల పిల్ల కోళ్లు దొరక్క పీహెచ్‌డీ ఆపుకుందంటే మేడ్చల్‌లో నలుగురూ నవ్వరూ? నాయిన పోయిన దగ్గర్నుంచి ఫారం అంతా అమ్మే చూస్తుంది. జనార్ధనన్నకు ప్లాట్లూ పార్టీ మీటింగులూ తప్ప మరోటి పట్టదు. హ్యాచరీలో గుడ్డుజాతి పిల్లల్లోంచి మగవాటిని ఏరి పారేస్తారు. అమ్మ వాటిని తెచ్చి పక్క షెడ్డులో పుంజులుగా పెంచి అమ్ముతుంది. నాకు కావలసినవి సరిగ్గా అవే.

సార్ కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఆయనకు వేరే దారి లేదు, నాకు అనుమానం లేదు.

మార్చి 12

అన్నం తింటుంటే అమ్మ అడిగింది. "మా పుంజులను దీస్కపోయి ఏం జేస్తవే?"

"కార్జం జూస్తనమ్మా."

"కార్జంల ఏముంటది జూసెటందుకు?"

చెప్పాను. పెట్ట గుడ్డు పెట్టాలంటే పచ్చసొన కావాలి కదా, ఆ పచ్చసొన సరుకు గుడ్డు సంచిలో పుట్టదు, కార్జంలో పుట్టి నెత్తుటిలో పోయి గుడ్డులో చేరుతుంది. దాన్ని చేసే జీను పుంజు కార్జంలో కూడా ఉంటుంది, కాకపోతే నిద్రపోతూ ఉంటుంది. పెట్ట ఒంట్లో ఊరే హార్మోన్ను పుంజుకు ఎక్కిస్తే అది లేస్తుంది. గుడ్డే పెట్టని పుంజు కార్జం పచ్చసొన చేయడం మొదలుపెడుతుంది.

అమ్మ నవ్వింది. "మొగోని కడుపుల గుడ్డుసొన. బాగుంది నీ సదువు."

"అసలు ముచ్చట ఇంకోటుంది. మొదటిసారి ఇస్తే అది లేసేటందుకు మస్తు సేపు వడ్తది. మందు బంద్ జేస్తే మల్ల పంటది. కాని కొన్ని వారాలైనంక రెండోసారి ఇస్తే జల్దీ లేస్తది. ఒకసారి తగిలిన హార్మోన్ను కార్జం మరిచిపోదమ్మా. ఎట్ల యాదికి వెట్టుకుంటదో అదే నా థీసిస్."

"యాదికుంటదా?" అంది అమ్మ. నవ్వడం లేదు.

"ఉంటది. జన్మంత ఉంటదేమో."

అమ్మ మజ్జిగ తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లింది. పాపం, సగం అర్థమై ఉండదు.

మార్చి 14

పుంజులు వచ్చాయి. అమ్మ బక్కవాటినే ఏరి ఇచ్చింది. లావువి, బేరం మళ్లీ లేచినప్పుడు అమ్ముకుంటుంది కాబోలు. నాకూ బక్కవే మేలు.

మార్చి 20

జంతుశాల చూసుకునే కుర్మయ్య, "మేడం, గివి కూస్తలేవు" అన్నాడు.

కొత్త చోటు కదా, బెదిరి ఉంటాయన్నాను. తురాయిలు కూడా చిన్నగా, పాలిపోయి ఉన్నాయి. ఎండల్లో ప్రయాణం. వారం పోతే అవే సర్దుకుంటాయి.

మార్చి 21

ఈ రోజు ఒకటి కూసింది. చెప్పాను కదా.

ఏప్రిల్ 2, ఆదివారం

అమ్మ, ఊళ్లో కోళ్లు పెంచుకునే శివమ్మ దగ్గర నాటుకోడి కొనుక్కొచ్చి వండింది. మెడ ముక్క ఎప్పటిలాగే ఇషితకి. అన్న కూతురికి ఏడేళ్లు, కానీ మెడ ఎముక దానిలా శుభ్రంగా చీకేవాళ్లు ఇంట్లో ఇంకొకరు లేరు. షెడ్డు నిండా పుంజులుంటే శివమ్మ దగ్గర కొనడమేంటని అడిగితే "నాటుకోడి రుచే వేరు బిడ్డా" అంది అమ్మ.

నిజమే. రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఏప్రిల్ 26

కార్జాల ఫిల్మ్ కడిగాము. జీను లేచిన పుంజు గడిలో నల్లటి గీత పడుతుంది, నిద్రపోతున్నదాని గడి తెల్లగా ఉంటుంది.

హార్మోన్ కలపకుండా నూనె మాత్రమే ఎక్కించిన పుంజుల గడులు తెల్లగా ఉన్నాయి. అది సరే. హార్మోన్ రెండోసారి ఇచ్చిన వాటిలో నల్లటి గీతలు. అదీ సరే. మొదటిసారి ఇచ్చి, కొద్ది గంటల్లోనే కార్జం తీసిన పుంజులు అసలైనవి. వాటి గడులు దాదాపు ఖాళీగా ఉండాలి. జీను ఇంకా కళ్లు నులుముకుంటూ ఉండే సమయం అది. కానీ అక్కడా అంతే నల్లటి గీతలు. మొదటిసారికీ రెండోసారికీ తేడా లేదు.

తేడా లేకపోతే నా థీసిస్ లేదు.

భాస్కర్ సార్ ఫిల్మును కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. "ట్యూబులు తారుమారు చేశావు" అన్నారు, తిట్టినట్టు కూడా కాదు, మామూలుగా.

ఏప్రిల్ 27

నేను తారుమారు చేయలేదు.

మే 8

మళ్లీ చేశాను. కొత్త పుంజులు, అమ్మ పంపిన వాటిలోంచే. ప్రతి ట్యూబు మీదా నేనే రాశాను. ఇంజెక్షన్ నేనే ఇచ్చాను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

అవే గీతలు.

మే 11

ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చాను. హార్మోన్ సీసా మంచిదే, పక్క ల్యాబ్‌లో సరిచూశారు. నూనె మంచిది. సూదులు కొత్తవి. మేత గురించి కూడా ఆలోచించాను, మొక్కజొన్నకు బూజు పడితే హార్మోన్లా పనిచేసే విషం ఒకటి పుడుతుంది. పరీక్షకు పంపాను, ఏమీ లేదు. మేత తప్పయితే నూనె ఇచ్చిన పుంజుల్లోనూ గీతలు రావాలి కదా, రాలేదు. అంటే ఇప్పుడు వాటి ఒంట్లో ఏ హార్మోనూ లేదు.

అన్నీ చూశాను. ఇక చూడాల్సింది ఏమీ లేదు.

సాయంత్రం సార్ అడిగారు. "కోళ్లు ఎక్కడివి?"

"మా ఇంటివి సార్. మీకు తెలుసు కదా."

"తెలుసు. అందుకే అడుగుతున్నా."

నాకు కోపం వచ్చింది. అమ్మ చేతి మీద పెరిగిన కోళ్లు అవి. ఏ కంపెనీ కోడికంటే మంచివి. ఆ మాటే అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

మే 15

సార్ గదికి పిలిచారు. జులైలో రివ్యూ కమిటీ ఉంది. అప్పటికి ఇది తేలకపోతే నన్ను వ్యాక్సిన్ టీమ్‌లోకి మారుస్తారట. అక్కడ మంచి జీతం, థీసిస్ ఉండదు. "నువ్వు పని చేయగలవు. ఈ ప్రశ్నే నీకు కలిసి రాలేదు" అన్నారు ఓదార్పుగా.

మే 16

వ్యాక్సిన్ టీమ్‌లో చేరను.

మే 29

అలియాబాద్ దగ్గర లారీ అడ్డం పడి క్యాబ్ గంటసేపు ఆగిపోయింది. అందరూ దిగి జామకాయలు కొనుక్కున్నారు. నేను దిగలేదు. కార్జం మరిచిపోదని నేనే అందరికీ చెప్తాను. మొదటిసారి హార్మోన్ తగిలిన పుంజు రెండోసారి తగిలినట్టు లేస్తుందంటే, దానికి అది మొదటిసారి కాదు. ఇంత చిన్న విషయం. చిన్నపిల్లకు చెప్పినా అర్థమవుతుంది.

కానీ ఎక్కడ తగులుతుంది? హ్యాచరీలోనే అయి ఉంటుంది. అమ్మ దగ్గరికి రాకముందే.

అవును, హ్యాచరీలోనే.

జూన్ 3

హ్యాచరీలో కాదు.

మిగిలిన పుంజుల్ని ఒంటి మీద ఎక్కడైనా సూది మచ్చ ఉందేమోనని వేళ్లతో వెతికాను. ఒకదానికి తల కింద, మెడ వెనక చర్మంలో చిన్న గట్టి గింజ తగిలింది. కోసి చూశాను. పలచటి పొరలో చుట్టుకుపోయిన తెల్లటి గోలీ అవశేషం, సుద్దముక్క అరిగినట్టు ఉంది. చర్మం కింద పెట్టే గోలీ ఇది. పాత పుస్తకాల్లో బొమ్మలు చూశాను. పుంజుల్ని మెత్తగా, కొవ్వుగా చేయడానికి ఒకప్పుడు విదేశాల్లో పెట్టేవాళ్లు. గోలీ కరిగినన్నాళ్లూ పుంజు కూయదు, పోట్లాడదు, తురాయి ముడుచుకుపోతుంది. కరిగిపోయాక మళ్లీ మామూలు పుంజే. కార్జం తప్ప.

ఇంకో రెండింటికి అదే చోట మచ్చ ఉంది, గింజ లేదు.

తొడుగులు విప్పి చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. మెడ వెనక. ఇషిత చీకే ముక్క.

సార్‌కు ఇంకా చెప్పలేదు. ముందు అన్నతో తేల్చుకోవాలి. అమ్మ ఇలాంటిది చేయదు.

జూన్ 4, ఆదివారం

అన్న వాకిట్లో కుర్చీ వేసుకుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. సర్పంచ్‌గా నిలబడతాడని ఊరంతా అనుకుంటోంది, పొద్దున్నుంచీ ఎవరో ఒకరు వచ్చి పోతూనే ఉన్నారు. వాళ్లు కదిలేదాకా ఆగి, గోలీ ఉన్న సీసా ఆయన ముందు పెట్టాను.

"ఇదేంది?" అన్నాడు.

"నువ్వే చెప్పాలె. మన పుంజుల మెడల దొరికింది."

"నాకేం ఎరుక? షెడ్డు తాళంచెవి యాడుంటదో గూడ నాకు తెల్వదు."

"పుంజులకు హార్మోన్ గోలీలు వెట్టిపిచ్చినవ్. నా రెండేండ్ల పని మట్టిల గలిసింది. గవి తిన్నోళ్లకు ఏమైతదో ఒక్కసారన్నా సోచాయించినవా?"

అన్న లేచి నిలబడ్డాడు. "నోరుందని ఏది వడ్తె గది అనకు, శోభా. ఎలక్షన్ ముంగట గీ లొల్లి నాకొద్దు."

లోపలి నుంచి అమ్మ వచ్చింది. చేతికి పిండి ఉంది. సీసా తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది.

"వాన్ని ఎందుకంటవ్? నేనే వెట్టిపిచ్చిన" అంది.

అంతే. ఆ తర్వాత ఆమె చెప్పినదాన్ని ఇక్కడ పూర్తిగా రాయలేను. పోయిన చలికాలంలో ఎవడో మందుల కంపెనీ బ్యాగు వేసుకుని వచ్చాడట. మార్కెట్లో మెత్తటి కోడే అడుగుతున్నారు, ఈ గోలీ పెడితే మొండి పుంజు కూడా మెత్తబడుతుంది, పక్క ఊళ్లలో అందరూ పెడుతున్నారు అన్నాడట. బాగా లావెక్కినవి కొన్ని అమ్మింది. ఇంతలో బర్డ్ ఫ్లూ వచ్చి బేరాలు ఆగిపోయాయి. గోలీ సరిగ్గా పట్టక బక్కగా మిగిలినవి నాకు ఇచ్చింది.

"అవెట్లాగు కోసేటియే గద బిడ్డా. నీ పనికి అడ్డమైతదనుకోలే."

జూన్ 5

అమ్మతో మాట్లాడలేదు.

జూన్ 6

మాట్లాడలేదు.

జూన్ 8

సార్‌కు చెప్పాను. అన్నీ చెప్పాను. గోలీ చూపించాను. ఎవరు పెట్టించారని అడిగారు.

"మా అమ్మ."

ఆయన సీసా బల్ల మీద పెట్టారు. తర్వాత, నాకు గుర్తుండేలా నెమ్మదిగా అన్నారు. "నేను నిన్ను తారుమారు చేశావన్నాను. వెనక్కి తీసుకుంటున్నా."

మరి థీసిస్? కొత్త పుంజులు కావాలి. హ్యాచరీలు మళ్లీ తెరిచాయి. రివ్యూ కమిటీకి మూడు నెలలు గడువు అడుగుతానన్నారు. తప్పు నా చేతిది కాదని తేలినందుకు ఎగిరి గంతేయాలి. క్యాబ్‌లో శామీర్‌పేట చెరువు కనిపించేంతవరకూ సంతోషంగానే ఉన్నాను.

జూన్ 18, ఆదివారం

అన్న నామినేషన్ వేయడం ఖాయమైంది. జులైలో ఊరందరికీ దావత్. బగారా అన్నం, కోడికూర. కోళ్లకు బయటికెందుకు, షెడ్డులో కొత్త బ్యాచ్ తయారవుతోందని అన్న వచ్చినవాళ్లతో అంటున్నాడు.

వెళ్లి చూశాను. లావుగా, మందంగా నడుస్తున్నాయి. ఒక్కటీ కూయడం లేదు. ఒకదాన్ని పట్టుకుని మెడ వెనక వేలు పెట్టి చూశాను.

గట్టిగా ఉంది. కొత్తది.

మధ్యాహ్నం శివమ్మ కోడిని పట్టుకొచ్చింది. కాళ్లు కట్టిన కోడిని అరుగు మీద పెట్టి, ఇంటికి ఎప్పుడూ తన కోడే కావాలంటుంది పద్మమ్మక్క అని నవ్వుతూ వెళ్లిపోయింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

అమ్మ కత్తి కోసం చూస్తోంది.

"అమ్మా, మన షెడ్డు నిండ పుంజులున్నయి. చలికాలం నుంచి ఇంట్ల మన కోడి ఒక్కసారి వండినవా?"

"నాటుకోడి రుచి..."

"రుచి కాదు. నువ్వు ఇషితకు ఆ మెడ ముక్క వెయ్యలేకపోయినవ్. నీకు తెలుసు."

అమ్మ కత్తి పీట మీద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఏం తెలుసు నాకు? తెల్వదు గనకనే వండలే" అంది. "తెలిసెటట్టు జెప్పెటోళ్లు ఎవరున్నరు? ఆ బ్యాగోడు మంచిదే అనె. నువ్వేమో కార్జానికి యాదికుంటది అంటివి. ఆ దినం నాకు బువ్వ దిగలే."

"మరి మల్ల ఎందుకు వెట్టిపిచ్చినవ్?"

"ఎందుకంటే పాతయి పోయినంక షెడ్డు ఖాళీగుండె. రైతులు కోళ్లను గుంతలల్ల ఏస్కుంటుంటే టీవీలల్ల మంది జూసిన్రు. ఇప్పుడిప్పుడే మల్ల కొంటున్నరు. నువ్వు పోయి కోళ్లల్ల హార్మోన్లున్నయని ఒక్క మాట అను, మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాంక ఎవని షెడ్డు నిలవదు. తప్పు జేసినోడు, జేయనోడు, అందరు కూలుతరు."

ఆ మాటకు జవాబు రాస్తుంటే ఇప్పుడు దొరుకుతోంది.

కోడిని ఎవరూ కోయలేదు. సాయంత్రం శివమ్మ వచ్చి కట్లు విప్పి తీసుకుపోయింది.

జూన్ 25, ఆదివారం

వాదనతో అమ్మ కదలదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కళ్లకు చూపిస్తే కదులుతుంది.

ల్యాబ్ నుంచి రెండు గాజు ట్యూబులూ సూదులూ తెచ్చాను. పొద్దున్నే శివమ్మ పుంజును ఒకదాన్ని అడిగి తెచ్చుకున్నాను. షెడ్డులోంచి మన పుంజును ఒకదాన్ని. అమ్మనే రెక్క పట్టుకోమన్నాను. కోడిని పట్టడం ఆమెకు చెప్పక్కర్లేదు, తల తన చంకలో దూర్చి రెక్క చాపి పట్టింది. రెండింటి నెత్తురూ తీసి, రెండు ట్యూబుల్నీ ప్రహరీ గోడ నీడలో నిలబెట్టాను.

"ఇగ సూడు" అన్నాను.

"ఏమున్నది సూసేటందుకు? రెండు ఎర్రగనే ఉన్నయి."

"గడ్డ కట్టనీ."

అమ్మ అక్కడే ముక్కాలి పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది. అన్న రెండుసార్లు బయటికి వచ్చి చూసి వెళ్లాడు. ఎండ గోడెక్కేసరికి నెత్తురు కిందికి గడ్డకట్టి, పైన నీరు తేరింది.

శివమ్మ పుంజుది తేటగా ఉంది, నువ్వుల నూనె రంగులో. అవతల ఏముందో కూడా కనిపిస్తోంది.

మన పుంజుది పాలలా ఉంది. పసుపు కలిపిన చిక్కటి పాలలా. గోడ కనిపించడం లేదు.

అమ్మ ఒలుస్తున్న చిక్కుడుకాయ పక్కన పెట్టేసింది. రెండు ట్యూబులూ రెండు చేతుల్లో పట్టుకుని ఎండకు ఎత్తింది. గుడ్ల ఫారంలో ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషి. ఆ రంగు ఏమిటో నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

"గిది పచ్చసొన" అంది.

"అవును. కార్జం చేసి నెత్తుట్లకు పంపుతాంది. పుంజుకు గుడ్డు సంచి లేదు. ఎక్కడికి పోవాల్నో తెల్వక నెత్తుట్లనే తిరుగుతాంది."

అమ్మ ట్యూబును అటూ ఇటూ వంచి చూసింది. తర్వాత అడిగింది. "గోలీ తీసేసి, మందు దిగినంక తింటే ఏమైతది? తిన్నోళ్లకు ఏమన్నా అయితదా?"

"తెల్వదమ్మా."

నా వైపు తిరిగింది. "తెల్వదా?"

"తెల్వదు. కావొచ్చు, కాకపోవచ్చు. ఎంత మందు మిగులుతదో, తిన్నోళ్లను ఏం జేస్తదో గీ కోళ్ల మీద ఎవరు జూడలే."

"నీ నోట్ల నుంచి తెల్వదన్న మాట ఇనుడు గిదే మొదలు" అంది అమ్మ. ట్యూబులు నా చేతికిచ్చి లేచింది. "తెల్వనిది ఊరికి వెడ్తమా?"

జూన్ 27

గోలీ ఉన్న పుంజులు, ఒక్కటి తప్ప, అన్నీ పోయాయి. అమ్మ జేసీబీ పిలిపించి షెడ్డు వెనక గుంత తీయించింది. సున్నం చల్లింది. నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి అంతా పూడ్చేశారు.

అన్న మాట్లాడడం లేదు. నాతోనే కాదు, అమ్మతో కూడా.

జూన్ 30

మాట్లాడాడు. "ఎలక్షన్ అయిందాంక ఆగలేకపోయిన్రా? కోళ్లు పూడ్చిన్రని ఊరంత అంటున్రు. మల్ల బర్డ్ ఫ్లూ వచ్చిందా అంటున్రు. నేనేం జెప్పాలె?"

"ఉన్నది జెప్పు" అంది అమ్మ.

"ఉన్నది జెప్తె ఓట్లు వడ్తయా?"

అన్న అన్నదాంట్లో తప్పు లేదు. ఇది రాయడం అంత సులువుగా లేదు, ఎందుకంటే నేను చేసింది సరైనదేనని నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం.

జులై 9

ఉన్నది అమ్మే చెప్పింది. పేపరుకు కాదు, టీవీకి కాదు. ఆ బ్యాగువాడు ఎవరెవరి దగ్గరికి వెళ్లాడో అడిగి తెలుసుకుని, ఒక్కొక్కరి ఫారానికి తనే వెళ్లింది. ఆదివారం కదా, నేను స్కూటీ నడిపాను, ఆమె వెనక కూర్చుంది. పక్క ఊరి ఫారం వాళ్లు ముగ్గురు ఆపేస్తామన్నారు. గౌరయ్య మాత్రం గేటు దగ్గరే నిలబెట్టి అన్నాడు, "నీ కొడుకు ఓట్ల కోసం మా బతుకు బజాట్ల వెడ్తవా పద్మమ్మా?"

అమ్మ సంచిలోంచి రెండు ట్యూబులు తీసింది. పొద్దున మళ్లీ నెత్తురు తీయించింది నా చేత, శివమ్మ పుంజుదీ, నేను చూడటానికి ఉంచమన్న మన ఆఖరి పుంజుదీ.

"నా కొడుకు ఓడిపోతడు గౌరయ్యా, గీనితోని గెలవడు. నువ్వు ఒకపాలి ఎండకు పట్టి సూడు."

చూశాడు. గేటు మూసేశాడు. ఆపాడో లేదో తెలియదు.

జులై 23

దావత్ అయింది. బగారా అన్నం, పుల్లటి ఖట్టా, బెండకాయ వేపుడు. ఎదుటి పార్టీ వాళ్లు ఆ రోజే పొట్టేళ్లు కోశారు.

ఆగస్టు 5

అన్న ఓడిపోయాడు. ఎక్కువ ఓట్లతో కాదు. బెండకాయ వేపుడు ఎన్ని ఓట్లు తిన్నదో ఎవరు లెక్క కడతారు? వదిన వచ్చి నా పక్కన కూర్చుని, "గెలిస్తే మీ అన్న ఇంటికి ఇంకా రాకపోదురు" అంది.

ఆగస్టు 27

కొత్త పుంజుల కార్జాలు. హ్యాచరీ నుంచి నేనే దగ్గరుండి తెచ్చుకున్నవి, ప్రతి మెడా తడిమి చూసుకున్నవి.

మొదటిసారి హార్మోన్ ఇచ్చిన వాటి గడులు దాదాపు ఖాళీ. రెండోసారి ఇచ్చిన వాటిలో నల్లటి గీతలు. పుస్తకంలో గీసినట్టు వచ్చింది.

భాస్కర్ సార్ ఫిల్మును కిటికీకి పట్టుకుని చూసి, దాన్ని నాకే తిరిగి ఇచ్చారు. "రాయడం మొదలుపెట్టు" అన్నారు. తర్వాత, "ఆ ఫారం పుంజుల ఫలితాల్ని కూడా పారేయకు. అవే అసలు మంచివి. ల్యాబ్‌లో మనం కొన్ని వారాలు ఆగి రెండోసారి ఇస్తాం. ఆ పుంజుల కార్జాలు చలికాలంలో తగిలినదాన్ని ఎండాకాలందాకా గుర్తుపెట్టుకున్నాయి. ఒక అధ్యాయం అవుతుంది. ఫారం ఎక్కడిదో రాయక్కర్లేదు, స్థానిక ఫారం అని చాలు."

సరేనన్నాను. బయటికి వచ్చాక సరేనని ఎందుకన్నానో అర్థం కాలేదు.

సెప్టెంబర్ 10, ఆదివారం

అధ్యాయం రాస్తూ వంటింటి గడప మీద కూర్చున్నాను. అమ్మ కుంపటి పక్కన. అన్న ఊళ్లో లేడు, శంషాబాద్ వైపు ఏదో ప్లాట్ల పని మీద వెళ్లాడు. ఈ మధ్య ఇంట్లో భోజనానికి కూర్చుంటున్నాడు, నాతో రెండు మాటలు కూడా మాట్లాడుతున్నాడు. ఉప్పు అందిస్తావా లాంటివి.

"ఏం రాస్తున్నవ్?" అంది అమ్మ.

"మన పుంజుల గురించి."

"సదువు."

చదివాను, తెలుగులోకి చెప్పుకుంటూ. ఈ పుంజులకు ప్రయోగానికి ముందే, ఫారంలో, మెడ చర్మం కింద హార్మోన్ గోలీ పెట్టారు. గోలీ అరిగిపోయిన కొన్ని నెలల తర్వాత కూడా వాటి కార్జాలు తొలి మోతాదుకే రెండో మోతాదులా స్పందించాయి. తర్వాత, పుంజులు ఎక్కడివి అన్న చోట స్థానిక ఫారం అన్నది కొట్టేసి, కాగితాల్లో ఉన్నట్టే రాసిన పేరు చదివాను. జనార్ధన్ పౌల్ట్రీ ఫారం, అత్వెల్లి, మేడ్చల్ మండలం.

అమ్మ చేయి ఆగింది.

"గా పేరెందుకు రాసినవ్?"

"రిజిస్టర్ల గదే ఉంది. తీసేయాల్నంటే తీసేస్త. సార్ గూడ అవసరం లేదన్నడు."

"తీసేయమన్ననా నేను?" కుంపటిలోకి చూస్తూనే అంది. "వాని పేరు గాదు. వానికేం ఎరుక పాపం, షెడ్డు తాళంచెవి గూడ తెల్వనోడు. పిల్లలను దెచ్చింది నేను, మేత ఏసింది నేను, గోలీ వెట్టిపిచ్చింది నేను. ఫారం ఎవరిదో సరిగ్గ రాయి."

"అమ్మా, ఇది దేశం బయట గూడ సదువుతరు. నీ పేరు అట్ల..."

"సదవనీ."

పెన్నుతో ఆ పేరు కొట్టేశాను. ఇంగ్లీషులో ఒక్కొక్క అక్షరమే పలుకుతూ రాశాను. ఆమెకు ఆ అక్షరాలు రావు. అయినా దగ్గరికి జరిగి, నా చేయి రాయడం ఆపేదాకా కాగితం వైపే చూస్తూ కూర్చుంది.

పద్మమ్మ, కోళ్ల రైతు, అత్వెల్లి.